దేనితో పోల్చి?

బోధనకే జీవితాన్ని ఇచ్చిన వ్యక్తి స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసం కాబట్టి ఒక పాఠం గురించే మాట్లాడతాను. మనోవిజ్ఞాన శాస్త్రం పుస్తకాల్లో మొదటి అధ్యాయంగానో రెండో అధ్యాయంగానో ఉండే పాఠం అది. పేరు పరిశోధన పద్ధతులు. చాలాచోట్ల దాన్ని వేగంగా దాటేసి, ఆసక్తికరంగా కనిపించే అభ్యసనం, స్మృతి, మూర్తిమత్వం వైపు వెళ్లిపోతాం.

తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి మనోవిజ్ఞానంతో పరిచయం డీఎడ్, బీఎడ్ తరగతుల్లో మొదలవుతుంది. తర్వాత టెట్, డీఎస్సీ కోసం అదే విషయాన్ని బిట్ల రూపంలో మళ్లీ చదువుతారు. ప్రయత్న దోష అభ్యసనం అంటే థార్న్‌డైక్, శాస్త్రీయ నిబంధనం అంటే పావ్‌లోవ్, కార్యసాధక నిబంధనం అంటే స్కిన్నర్, అంతర్‌దృష్టి అభ్యసనం అంటే కోహ్లర్. పోటీ పరీక్ష రాసేవారికి ఇది అవసరమే, వారిని తప్పుపట్టలేం. కానీ ఇలా చదివినప్పుడు థార్న్‌డైక్ పిల్లి మనకు గుర్తుంటుంది గానీ, ఆ పిల్లిని ఆయన పెట్టెలో ఎందుకు పెట్టాడో తెలియదు. 19వ శతాబ్దం చివర జంతువుల తెలివి గురించిన రచనలు ఎక్కువగా కథల మీదే ఆధారపడేవి. ఎవరి కుక్కో ఎంతో దూరం నుంచి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందట, ఎవరి పిల్లో గడియ తీసుకుందట. థార్న్‌డైక్ అభ్యంతరం సూటిగా ఉంది: ఇల్లు చేరిన కుక్క గురించి అందరూ రాస్తారు, దారితప్పి తిరిగిన కుక్కల గురించి ఎవరూ రాయరు. అందుకే 1898లో ఆయన ఒకే పెట్టెలో పిల్లిని మళ్లీ మళ్లీ పెట్టి, ప్రతిసారీ బయటపడటానికి ఎంతసేపు పట్టిందో లెక్కరాశాడు. పిల్లికి కిటుకు ఒక్కసారిగా బోధపడి ఉంటే సమయం ఒక్కసారిగా పడిపోవాలి. అలా పడలేదు, కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. థార్న్‌డైక్ గొప్పదనం ఈ పోలికలో ఉంది. బిట్‌లో మిగిలింది ఆయన పేరు మాత్రమే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మనసు గురించి ఎవరు ఏ మాట చెప్పినా, అది వినడానికి ఎంత సబబుగా ఉందన్నదాన్ని బట్టి దానికి విలువ కట్టకూడదు. దేనితో పోల్చి ఆ మాట అన్నారు, ఆ పోలికలో అది ఓడిపోవడానికి నిజంగా వీలుందా అన్నది అడగాలి. పరిశీలన, సర్వే, ప్రయోగం, గణాంకం ఇవన్నీ ఆ పోలికను నిజాయితీగా ఏర్పాటు చేసుకునే మార్గాలు. దీన్ని వాదనగా చెప్పి ఊరుకోకుండా, ఒక్క భావన తొంభై ఏళ్ల ప్రయాణాన్ని వెంబడించి చూపిస్తాను. ఆ భావన ఈ దేశంలో జరిగిన ఒక ఉత్పాతం దగ్గర మొదలైంది.

1934 జనవరి 15న బిహార్, నేపాల్ ప్రాంతాలను పెద్ద భూకంపం కుదిపేసింది. వేలమంది చనిపోయారు. ఆ రోజుల్లో వ్యాపించిన వదంతులను జమునా ప్రసాద్ అనే మనోవిజ్ఞాని సేకరించి, 1935లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీలో ప్రచురించాడు. ప్రకంపన బలంగా తెలిసినా కళ్లెదుట విధ్వంసం లేని చోట్ల పుట్టిన వదంతులు అందులో ఉన్నాయి. గంగ నీళ్లు మాయమై, స్నానం చేస్తున్నవాళ్లు ఇసుకలో కూరుకుపోయారన్నారు. పాట్నాకు తుపాను వస్తోందన్నారు. చంద్రగ్రహణం నాడు మళ్లీ భూమి కంపిస్తుందన్నారు. ఫిబ్రవరి 26న ప్రళయమన్నారు. భయపడినవాళ్లు ధైర్యం చెప్పుకునే మాటలు పుట్టించుకుంటారని అనుకుంటాం. ఇక్కడ జరిగింది అందుకు విరుద్ధం: మరింత భయపెట్టే మాటలు పుట్టాయి, జనం వాటిని నమ్మారు.

సుమారు రెండు దశాబ్దాల తర్వాత అమెరికాలో లియోన్ ఫెస్టింగర్ ఈ వ్యాసం చదివి ఇక్కడే ఆగిపోయాడు. ఆయన ఇచ్చిన వివరణ ఇది. నేల కంపించింది, గుండె దడదడలాడుతోంది, చుట్టూ చూస్తే గోడ కూడా బీటలివ్వలేదు. భయం ఉంది, దానికి తగిన కారణం కనబడటం లేదు. ఈ రెంటికీ పొంతన కుదరదు. ఆ పొంతన కుదర్చడానికి, ఉన్న భయానికి తగిన కారణాన్ని మనసు వెతుక్కుంటుంది. ప్రళయం వస్తుందంటే భయపడటం సబబే కదా. తర్వాత సంజ్ఞానాత్మక వైరుధ్యం అన్న పేరుతో ప్రపంచమంతా పాకిన సిద్ధాంతానికి బీజం ఇదే.

వివరణ అందంగా ఉంది. కానీ అందాన్ని చూసి నమ్మేస్తే మనం కుక్క కథల దగ్గరే ఉన్నట్టు. దేనితో పోల్చి? ఫెస్టింగర్‌కు ఆ పోలిక మరో భారతీయుడి దగ్గర దొరికింది. 1950లో డార్జిలింగ్‌లో భారీగా కొండచరియలు విరిగిపడ్డాయి. అక్కడి వదంతులను దుర్గానంద్ సిన్హా అధ్యయనం చేసి 1952లో అదే పత్రికలో ప్రచురించాడు. తర్వాతి కాలంలో అలహాబాద్ విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన విభాగాన్ని నిలబెట్టిన సిన్హా ఈయనే. డార్జిలింగ్‌లో నష్టం కళ్లముందే ఉంది, ఇళ్లు పోయాయి, మనుషులు పోయారు. అక్కడ జరిగినదాన్ని కొంత పెంచి చెప్పుకున్నారు గానీ, ఇంకా పెద్ద ఆపద రాబోతోందన్న వదంతులు పుట్టలేదు. భయానికి కారణం ఎదురుగా ఉన్నప్పుడు కొత్త కారణం అల్లుకోవలసిన పని లేదన్నమాట. ఒక అధ్యయనం విడిగా చెప్పలేని సంగతి, రెండూ పక్కపక్కన పెడితే కనిపించింది. ఈ ఇద్దరి పేర్లూ మన పాఠ్యపుస్తకాల్లో ఫెస్టింగర్ పేరు పక్కన ఉండవలసినవి.

అయినా ఈ పోలికకు బలహీనత ఉంది, దాన్ని దాచకూడదు. భూకంపం వేరు, కొండచరియలు వేరు. 1934 వేరు, 1950 వేరు. గంగా మైదానపు ఊళ్లకూ కొండల మీది పట్టణానికీ భాష, బతుకు, నమ్మకాలు అన్నిటా తేడా. వదంతుల్లోని తేడాకు నష్టం కనిపించడం, కనిపించకపోవడమే కారణమా, లేక మిగిలిన వందలో ఏదైనా కావచ్చా? పరిశీలన ద్వారా చేసే పోలికలన్నిటికీ ఈ చిక్కు తప్పదు. ట్యూషన్‌కు వెళ్లే పిల్లలకు ఎక్కువ మార్కులు వస్తున్నాయంటే ట్యూషన్ వల్లేనని చెప్పలేకపోవడానికి కూడా ఇదే కారణం, ఎందుకంటే ఆ పిల్లల ఇళ్లల్లో ట్యూషన్ ఒక్కటే తేడా అయివుండదు. సహసంబంధం వేరు, కారణం వేరు అని పుస్తకంలో ఒక్క వాక్యంలో రాసేది ఈ చిక్కునే.

దీన్ని విడదీయడానికే ప్రయోగం. 1959లో ఫెస్టింగర్, మెరిల్ కార్ల్‌స్మిత్ ప్రచురించిన ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిచయ మనోవిజ్ఞానం చదువుతున్న మగ విద్యార్థులు 71 మంది ఒక్కొక్కరుగా వచ్చారు. ముందు అరగంటసేపు 12 దారపు ఉండలను ట్రేలో పేర్చడం, తీసేయడం, మళ్లీ పేర్చడం. తర్వాతి అరగంట 48 చతురస్రపు మేకులను ఒక్కొక్కటిగా పావుచుట్టు తిప్పడం, అన్నీ అయ్యాక మళ్లీ మొదటినుంచి. విసుగెత్తించడమే ఆ పని ఉద్దేశం. అది అయ్యాక కొందరిని ఒక సాయం అడిగారు: బయట ఎదురుచూస్తున్న అమ్మాయికి ఈ పని చాలా సరదాగా ఉందని చెప్పాలి. అలా చెప్పినందుకు కొందరికి ఒక డాలరు, కొందరికి 20 డాలర్లు. మూడో గుంపును ఏ సాయమూ అడగలేదు. ఎవరు ఏ గుంపులోకి వెళతారన్నది విద్యార్థి ఇష్టాన్ని బట్టి గానీ పరిశోధకుడి ఇష్టాన్ని బట్టి గానీ నిర్ణయం కాలేదు, యాదృచ్ఛికంగా కేటాయించారు. చివర, ఈ ప్రయోగంతో సంబంధం లేనట్టు కనిపించే మరో వ్యక్తి వాళ్లను అడిగాడు: ఆ పని మీకు ఎంత బాగుంది? మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు చెప్పండి.

ఏ సాయమూ అడగని గుంపు సగటు మైనస్ 0.45. 20 డాలర్లు పుచ్చుకున్నవారి సగటు మైనస్ 0.05, అంటే ఏ సాయమూ అడగని గుంపుకు దగ్గరే. ఒక్క డాలరు పుచ్చుకున్నవారి సగటు ప్లస్ 1.35. ఎక్కువ డబ్బిస్తే ఎక్కువ ఇష్టం పుడుతుందన్న లెక్క ఇక్కడ ఓడిపోయింది. 20 డాలర్లు ఆ రోజుల్లో అబద్ధానికి చాలినంత కారణం. ఒక్క డాలరు చాలదు. చాలని కారణంతో అబద్ధం చెప్పినవాడు, అది అంత అబద్ధమేమీ కాదులే అని తన అభిప్రాయాన్నే జరుపుకున్నాడు. ఇక్కడ గమనించవలసింది యాదృచ్ఛిక కేటాయింపు చేసిన పని. డబ్బున్నవాళ్లు, లేనివాళ్లు, నెమ్మదస్తులు, దుడుకువాళ్లు మూడు గుంపుల్లోనూ ఇంచుమించు సమంగా పడే అవకాశం దానివల్ల వచ్చింది. బిహార్‌కూ డార్జిలింగ్‌కూ మధ్య మనల్ని ఇబ్బంది పెట్టిన ఆ వంద తేడాలను ఇది ఒక్కదెబ్బతో పక్కకు తోసింది.

ఇదంతా ఎందుకు, మనిషిని నేరుగా అడిగితే సరిపోదా, అతని మనసు అతనికి తెలియదా అనే అభ్యంతరం చాలా పాతది, గౌరవించదగినది కూడా. దానికి సమాధానం కూడా పోలికే ఇస్తుంది. రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ 1977లో ఒక అధ్యయనాన్ని వివరించారు. బల్లమీద నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి, ఏది నాణ్యమైనదో చెప్పమన్నారు. నాలుగూ అచ్చంగా ఒకటే. అయినా కుడిచివర ఉన్న జతను 40 శాతం మంది, ఎడమచివర ఉన్నదాన్ని 12 శాతం మంది ఎంచుకున్నారు. ఎందుకు ఎంచుకున్నారని అడిగితే ఒక్కరు కూడా అది ఉన్న చోటు గురించి చెప్పలేదు. వాళ్లేమీ అబద్ధాలు ఆడటం లేదు. మన ఇష్టాలు మనకు తెలుస్తాయి, వాటి కారణాలు తెలిసినట్టు అనిపిస్తాయి. ఆ అనిపించడం ఎంతవరకు నిజమో లోపలినుంచి తేల్చలేం.

మళ్లీ డాలర్ల ప్రయోగానికి వస్తే, అది గెలిచిందని అక్కడితో పుస్తకం మూసేయలేదు ఎవరూ. నిజమైన కథ ఇక్కడినుంచే. 71 మందిలో 11 మంది సమాధానాలను పరిశోధకులు పక్కన పెట్టారు. కొందరు అనుమానించారు, కొందరు చెప్పమన్నది చెప్పలేదు. 1964లో నతాలియా చపానిస్, అల్ఫాన్స్ చపానిస్ ఈ సిద్ధాంతం మీద వచ్చిన ప్రయోగాలను సమీక్షిస్తూ, ఇలా మనుషులను తీసేయడం మీద గట్టిగా అభ్యంతరం చెప్పారు. యాదృచ్ఛికంగా సమానం చేసుకున్న గుంపులనుంచి కొందరిని తీసేస్తే అవి ఇక సమానమని ఎలా అనగలం? 1967లో డరిల్ బెమ్ మరో వైపునుంచి వచ్చాడు. ఫలితాలు సరే, మనసులో ఏదో వైరుధ్యం, అసౌకర్యం ఉన్నాయని ఎవరు చూశారు? ఒక్క డాలరుకే ఒకడు పని బాగుందన్నాడంటే నిజంగానే బాగుండి ఉంటుందని బయటివాళ్లం అనుకుంటాం. మనిషి తన గురించి తాను కూడా అలాగే ఊహించుకుని ఉండవచ్చు కదా. ఏ ఇబ్బందీ అక్కర్లేని వివరణ ఇది. ఒకే ఫలితాన్ని రెండు సిద్ధాంతాలు సమానంగా వివరిస్తే, ఆ ఫలితం రెంటిలో దేనికీ సాక్ష్యం కాదు.

దీన్ని విడదీసిన తీరు నాకు ఈ శాస్త్రంలోకెల్లా ఇష్టమైనది. 1974లో మార్క్ జన్నా, జోయెల్ కూపర్ విద్యార్థులకు ఏ మందూ లేని ఒక మాత్ర ఇచ్చారు. దీనివల్ల ఒళ్లు ఉద్రిక్తంగా అనిపిస్తుందని కొందరికి చెప్పారు. తర్వాత తమ అభిప్రాయానికి విరుద్ధంగా వ్యాసం రాయమన్నారు. వైరుధ్యం నిజంగా ఒక అసౌకర్యమైతే, వీళ్లు దాన్ని మాత్ర ఖాతాలో వేస్తారు, అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం రాదు. బెమ్ చెప్పినట్టు లోపల ఏ ఇబ్బందీ లేకపోతే మాత్రకు ఏ ప్రభావమూ ఉండకూడదు. ఉద్రిక్తత కలుగుతుందని విన్నవారు అభిప్రాయం మార్చుకోలేదు. ఈ మాత్ర మిమ్మల్ని నెమ్మదింపజేస్తుందని విన్నవారు మామూలు కంటే ఎక్కువ మార్చుకున్నారు. ఎవరూ చూడలేని ఆ అసౌకర్యానికి ఓడిపోయే అవకాశం ఇచ్చారు, అది ఓడలేదు.

ఇదే సిద్ధాంతానికి మరో కొమ్మ ఉంది, దానికి జరిగింది వేరు. 1956లో జాక్ బ్రెమ్ ఇంటి వస్తువులకు స్త్రీలచేత విలువ కట్టించి, దాదాపు సమానంగా నచ్చిన రెంటిలో ఒకటి ఎంచుకోమని, మళ్లీ విలువ కట్టమన్నాడు. ఎంచుకున్నది పైకి జరిగింది, వదులుకున్నది కిందికి జరిగింది. ఎంపికను సమర్థించుకోవడానికి మనసు ఇష్టాలనే మారుస్తుందని నిర్ణయించారు. సుమారు అర్ధశతాబ్దం వందలాది మంది దీన్ని పాఠంగా చెప్పారు. 2010లో కీత్ చెన్, జేన్ రైసన్ దీనిలో లోపం చూపించారు. ఒకామె పదిహేను చిత్రాలను తన ఇష్టం ప్రకారం వరసపెట్టిందనుకోండి. ఆ వరస తూకం వేసినంత కచ్చితంగా ఉండదు. ఏడోదీ తొమ్మిదోదీ ఇచ్చి ఒకటి తీసుకోమంటే ఆమె తొమ్మిదోదాన్ని తీసుకుంది. దానర్థం అది ఆమెకు మొదటినుంచీ, వరసలో కనిపించినదానికంటే ఎక్కువ ఇష్టం. మళ్లీ వరసపెట్టమంటే అది సహజంగానే పైకి వస్తుంది. మనసు ఏమీ మారకపోయినా మారినట్టు కనిపిస్తుంది. దీన్ని పరీక్షించడానికి వాళ్లు చేసిన పని చిన్నది. కొందరిని ముందే రెండుసార్లు వరసపెట్టమని చెప్పి, ఎంపికను ఆఖరుకు జరిపారు. ఇంకా జరగని ఎంపిక, జరిగిపోయిన వరసను మార్చలేదు. అయినా అదే జరుగుడు అక్కడా కనిపించింది. ఇన్నేళ్లూ సరైన పోలిక గుంపు ఒక్కటి లేకపోయింది. దాన్ని చేర్చి చేసిన తర్వాతి అధ్యయనాల్లో ఆ ప్రభావం పూర్తిగా పోలేదు గానీ, అంతకుముందు అనుకున్నంత పెద్దది కాదని తేలింది.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది. ఇదంతా స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్ల గురించి, వాళ్లు మనుషులందరికీ ప్రతినిధులా? ఈ ప్రశ్న న్యాయమైనది. స్టీవెన్ హైన్, డారిన్ లేమన్ 1997లో జపనీయులనూ కెనడియన్లనూ పోల్చారు. సంగీతం సీడీల ఎంపికలో కెనడియన్లు తమ ఎంపికను సమర్థించుకున్నారు, జపనీయుల్లో అది కనిపించలేదు. ఆసియావాళ్లకు ఈ వైరుధ్యం ఉండదని తేల్చేయవచ్చు అనిపిస్తుంది. 2005లో ఎత్సుకో హొషినో-బ్రౌన్, సహచరులు మరో పోలిక పెట్టారు: ఎంపిక తన కోసం చేస్తే ఏమవుతుంది, దగ్గరి స్నేహితుడి కోసం చేస్తే ఏమవుతుంది? తూర్పు ఆసియా మూలాలున్న కెనడియన్లు స్నేహితుడి కోసం చేసిన ఎంపికను గట్టిగా సమర్థించుకున్నారు. ఇబ్బంది అక్కడా ఉంది, కానీ ఇతరుల విషయంలో తప్పు చేశానేమో అన్న చోట అది పుట్టింది. కాబట్టి పరాయి దేశపు ఫలితాలు మనకు చెల్లవని తోసేయడం, ఉన్నవున్నట్టు మనకు అంటగట్టడం రెండూ ఒకే పొరపాటు. రెండూ పోల్చి చూడకుండానే తీర్పు చెబుతున్నాయి.

ఇటీవలి దెబ్బ అన్నిటికంటే పెద్దది. అంతకుముందు ప్రచురితమైన వంద మనోవిజ్ఞాన అధ్యయనాలను మళ్లీ చేస్తే 36 శాతంలో మాత్రమే తిరిగి గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితం వచ్చిందని 2015లో తేలింది. వైరుధ్య సిద్ధాంతం వంతు 2024లో వచ్చింది. 39 ప్రయోగశాలలు, దాదాపు 4,900 మంది విద్యార్థులు, ముందే రాసి నమోదు చేసుకున్న ప్రణాళిక. అభిప్రాయానికి విరుద్ధంగా వ్యాసం రాసినవారి అభిప్రాయం, సంబంధం లేని వ్యాసం రాసినవారితో పోలిస్తే తేడాగానే ఉంది. కానీ మీ ఇష్టం, రాయకపోయినా ఫర్వాలేదు అని స్వేచ్ఛ ఇచ్చిన గుంపుకూ ఇవ్వని గుంపుకూ తేడా రాలేదు. సిద్ధాంతం ప్రకారం రావలసిన తేడా సరిగ్గా అదే. స్వేచ్ఛ ఇచ్చిన భావన ఈ పద్ధతిలో విద్యార్థులకు నిజంగా కలిగిందా అన్న వాదన ఉంది, అది అడగదగినదే. అయితే ఆ వాదనను కూడా మరో పోలికే తేల్చాలి. పేరున్న సిద్ధాంతానికి సంజాయిషీతో సరిపెట్టుకునే హక్కు లేదు.

ఇన్ని తప్పులు బయటపడ్డాక ఈ శాస్త్రాన్ని ఎందుకు నమ్మాలి అని అడిగేవారున్నారు. ఆ తప్పులను బయటపెట్టింది ఎవరో చూడమంటాను. చపానిస్‌లు, బెమ్, చెన్, రైసన్, ఆ 39 ప్రయోగశాలలు అందరూ ఇదే పద్ధతిని ఇదే పద్ధతి మీద ప్రయోగించారు. మీడియాలో, వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో మనసు గురించి ధాటిగా చెప్పే మాటల్లో ఎన్ని ఎప్పుడైనా ఓడిపోయాయి? ఓడిపోవడానికి వాటికి ఎవరూ అవకాశమే ఇవ్వలేదు. మరో అభ్యంతరం నైతికమైనది: ఫెస్టింగర్ ప్రయోగం అబద్ధం మీద నిలబడింది. విద్యార్థులకు చివర నిజం చెప్పారు, డబ్బు తిరిగి తీసుకున్నారు, అయినా మోసం మోసమే. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నేడు నైతిక సంఘాల అనుమతి, పాల్గొనేవారి సమ్మతి, చివర పూర్తి వివరణ తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో సామాజిక, ప్రవర్తనా పరిశోధనకు కూడా నియమాలున్నాయి. కొన్ని ప్రశ్నలకు ప్రయోగం చేయకూడదు, చేయలేం కూడా. భూకంపాలను యాదృచ్ఛికంగా కేటాయించలేం. అలాంటి చోట జమునా ప్రసాద్, దుర్గానంద్ సిన్హా చేసిన పనే మనకు దారి: జాగ్రత్తగా సేకరించడం, సాటిదాని పక్కన పెట్టడం, ఏది తేలదో ఒప్పుకోవడం.

దీన్నుంచి మన తరగతి గదికి ఒక పని వస్తుంది. మేజోళ్ల పరీక్షకు గానీ చిత్రాల వరసకు గానీ పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. నాలుగు ఒకేరకం చేతిరుమాళ్లు, పదిహేను పోస్టుకార్డు చిత్రాలు, ఒక నాణెం చాలు. బీఎడ్ కళాశాలలో యాభై మంది విద్యార్థుల్లో సగం మంది ముందు వరసపెట్టి, ఎంచుకుని, మళ్లీ వరసపెడతారు. మిగతా సగం రెండుసార్లు వరసపెట్టి చివర ఎంచుకుంటారు. ఎవరు ఏ సగంలోకి వెళ్లాలో నాణెం ఎగరేసి తేల్చుకుంటారు. ఏం జరుగుతుందనుకుంటున్నారో లెక్కలు చూడకముందే రికార్డు పుస్తకంలో రాసి అధ్యాపకుడి సంతకం తీసుకుంటారు. ఫలితం రాకపోతే రాలేదని అదే రికార్డులో రాస్తారు, దానికీ మార్కులు వేస్తారు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఇరవై కళాశాలలు ఏటా ఇదొక్కటి చేసి అంకెలు ఒకచోట చేరిస్తే, స్నేహితుడి కోసం ఎంచుకున్నప్పుడు తెలుగు విద్యార్థులు ఎలా ప్రవర్తిస్తారన్న ప్రశ్నను కూడా మరుసటి ఏడాది అందులో కలపవచ్చు. రేపు ఆ విద్యార్థే పాఠశాలకు వెళ్లి, ఈ కొత్త బోధనా పద్ధతి అద్భుతంగా పనిచేస్తోందన్న సర్క్యులర్ చదివినప్పుడు, అది పెట్టని బడుల్లో ఏం జరిగిందని అధికారిని అడగగలుగుతాడు. పాఠ్యప్రణాళికలు తయారుచేసే పెద్దలు ఈ సభలో ఉన్నారు. ఈ ఒక్క అభ్యాసాన్ని వచ్చే విద్యాసంవత్సరం ప్రాక్టికల్స్‌లో చేర్చమని కోరుతున్నాను.